ప్రయోగ మళ్లు వేసే ముందు: సిరోంచ, రాజురా, కిన్వట్ వైపు అనుమతుల జాగ్రత్తలు

ప్రయోగ మళ్లలో, అంటే కొత్త విత్తనాన్నో మందునో పరీక్షించే చిన్న మళ్లలో, మృగశిర కార్తెలో విత్తనం పడాలంటే కాగితాల పని సంక్రాంతి దాటగానే మొదలవ్వాలి. రోహిణి కార్తె దాకా ఆగితే అనుమతి చేతికి రాకముందే దున్నాల్సి వస్తుంది. పంట మోకాలెత్తున ఉన్నప్పుడు పని ఆపమన్నారంటే ఆ ఏడు డేటా అంతా పోయినట్టే. మహారాష్ట్రలోని గడ్చిరోలి, చంద్రపూర్, నాందేడ్ జిల్లాల అంచున ఏ పంట ప్రయోగానికైనా చిక్కు ఎక్కువగా పంట దగ్గర రాదు, నేల దగ్గరే వస్తుంది.

అందుకే ముందు సాత్‌బారా, అంటే భూమి హక్కుల రికార్డు (7/12) చూడండి. జిరాక్స్ కాపీని నమ్మవద్దు, డిజిటల్ సంతకం ఉన్న తాజా ఉతారా (రికార్డు నకలు) తీసుకోండి. విస్తీర్ణం హెక్టారు, ఆర్‌లలో ఉంటుంది, ఆర్ అంటే వంద చదరపు మీటర్లు. 0.40 అని కనబడితే నలభై ఆర్‌లు, అంటే దాదాపు ఎకరం. మనవాళ్లు దాన్ని ఎకరంలో సగం కూడా లేదని చదివి లెక్క తప్పుతారు, గొడవ అక్కడే మొదలవుతుంది. ఎకరానికి 40.47 ఆర్‌లు, గుంట ఆర్ కంటే కాస్త పెద్దది. హద్దు మీద ఏ మాత్రం అనుమానం ఉన్నా తాలూకా భూమి అభిలేఖ్ (భూరికార్డుల) కార్యాలయంలో మోజణికి, అంటే సర్వే కొలతకు దరఖాస్తు పెట్టండి. ఇది ఎండాకాలం పని. నిలబడిన పత్తిలో గొలుసు లాగనివ్వరు.

తర్వాత అదే కాగితంలో రెండు చోట్ల కళ్లు పెట్టాలి. మొదటిది భోగవట్‌దార్ వర్గం, అంటే భూమి ఏ తరహా హక్కుతో ఉందో చెప్పే వర్గం. వర్గ్-2 అని ఉంటే ఆ భూమిని కౌలుకిచ్చే హక్కు యజమానికి పూర్తిగా లేదు, జిల్లాధికారి అనుమతి కావాలి. రెండోది ఇతర హక్కుల గడి. ఆదివాసీ భూమి అయితే మహారాష్ట్ర భూమి రెవెన్యూ చట్టం, 1966లోని 36-ఎ సెక్షన్ వర్తిస్తుంది. ఆదివాసీ కానివారికి ఐదేళ్లకు మించని కౌలు కావాలన్నా జిల్లాధికారి ముందస్తు అనుమతి తప్పదు, అంతకు మించితే ప్రభుత్వ ఆమోదం కూడా కావాలి. స్టాంపు కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టుకున్నంత మాత్రాన అది చెల్లదు. వనపట్టా భూమిని, అంటే అటవీ హక్కు పత్రం ఉన్న భూమిని కౌలుకు తీసుకునే జోలికి అసలు వెళ్లవద్దు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ హక్కు వారసులకు వెళ్తుంది తప్ప బదిలీ కాదు. యజమాని తన పొలంలో తనే సాగు చేస్తూ, మీరు విత్తనం, ఎరువు, కొలతలు చూసుకునే ఒప్పందమే ఇక్కడ సురక్షితమైన దారి.

ఖాళీగా, పొదలతో ఉన్న నేల దొరికిందని సంబరపడవద్దు. విదర్భలోని ఆరు జిల్లాల్లో, గడ్చిరోలి, చంద్రపూర్‌తో సహా, ఝుడ్పీ జంగల్ (పొదల అడవి)గా నమోదైన భూమిని అడవిగానే లెక్కించాలని సుప్రీంకోర్టు 2025 మేలో తేల్చింది. తలాటి (గ్రామ రెవెన్యూ ఉద్యోగి) దగ్గర పాత రికార్డులో ఆ మాట కనబడితే ఇంకో పొలం వెతుక్కోండి. ప్రాణహిత అభయారణ్యం దగ్గరి గ్రామాలైతే అటవీ కార్యాలయంలో కూడా రాతపూర్వకంగా అడగాలి.

గ్రామసభ తీర్మానం విషయంలో చాలామంది తడబడతారు. గ్రామ పంచాయతీ ఇచ్చిన ఠరావు (తీర్మానం), గ్రామసభ ఇచ్చిన ఠరావు ఒకటి కావు. షెడ్యూల్డ్ (ఆదివాసీ) ప్రాంతాల పంచాయతీ చట్టమైన పీసా కింద మహారాష్ట్ర నియమాలు 2014లో వచ్చాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఒక్కొక్క పాడాకు, టోలాకు, అంటే ఊరి గూడేనికి సొంత గ్రామసభ ఉండవచ్చు. మీ మళ్లు ఏ సభ కిందికి వస్తాయో ముందే కనుక్కుని, ఆ సభ ముందే మాట్లాడండి. జనవరి 26, మే 1 సభలు మీకు అనువైనవి. ఆగస్టు 15 సభ నాటికి ఖరీఫ్ విత్తే అదును దాటిపోతుంది. దరఖాస్తు మరాఠీలో రాయండి, సభలో మాత్రం ఊరి భాషలో, తెలుగులోనో గోండిలోనో చెప్పండి. ఏ మందు చల్లుతారు, పంట ఎవరిది, పశువులు ఎటు తిరగాలి, ఎన్నేళ్లు అనేవి తప్పకుండా అడుగుతారు. వీటికి నిజాయితీగా జవాబిస్తే సగం పని అయినట్టే.

నగర పంచాయతీ హద్దులోని పొలమైతే జోన్ దాఖలా, అంటే ఆ నేల ఏ వాడకానికి కేటాయించారో చెప్పే పత్రం తీసుకోవాలి. వ్యవసాయ జోన్ అని ఉంటే మళ్లకు అడ్డులేదు. అసలు ప్రశ్న షెడ్డు దగ్గర వస్తుంది. పనిముట్లు, ఎరువులు, పంట దాచే కట్టడం పొలం కట్టడమే. పరీక్షల గది, సందర్శకుల హాలు అంటే వ్యవసాయేతర వాడకం అనవచ్చు, కాబట్టి తహసీల్దారును ముందే అడిగి జవాబు రాతలో తీసుకోండి.

పక్క పొలాల పుప్పొడి, విత్తనం కలవకుండా ఎంత ఎడం ఉండాలో ఇప్పుడే లెక్కవేయండి. ధ్రువీకరణ (సర్టిఫైడ్) విత్తనం పండించాలంటే వరికి 3 మీటర్లు, పత్తికి 30, కందికి 100 మీటర్లు కావాలి. 20 మీటర్ల చదరపు కంది మడికి నాలుగువైపులా 100 మీటర్లు వదిలితే 220 మీటర్ల చదరం, దాదాపు 12 ఎకరాలు. మీ మడి నాలుగు గుంటలే, కానీ మాట తీసుకోవాల్సింది పన్నెండెకరాల రైతుల దగ్గర. ఆ మాట కూడా గట్ (సర్వే) నంబర్లతో, సంతకాలతో రాయించుకోండి.

రిజిస్టర్ కాని పురుగుమందు పరీక్షిస్తే కేంద్ర స్థాయి అనుమతి వేరే కావాలి, ఆ పంట అంగడికి చేరకూడదు. జన్యుమార్పిడి పంట అయితే కేంద్రంలోని జన్యు ఇంజినీరింగ్ మదింపు కమిటీ (జీఈఏసీ) అనుమతీ, రాష్ట్రం ఇచ్చే ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) లేకుండా ఒక్క గింజ కూడా నాటవద్దు. గ్రామసభ ఒప్పుకున్నా అది చాలదు.

సిరోంచ నదీతీరంలో చివరి జాగ్రత్త వరద. 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత నీరు ఎంతవరకు వచ్చిందో ఊరివాళ్లతో పొలంలోనే చూపించుకుని ఆ గుర్తుకు పైన మళ్లు పెట్టండి. పందుల కోసమని కంచెకు నేరుగా కరెంటు ఇవ్వనివ్వకండి, అది మనిషి ప్రాణం తీస్తుంది, చట్టవిరుద్ధం కూడా. సౌర కంచె పరికరమే వాడి, ఎర్ర బోర్డు మీద తెలుగులో, మరాఠీలో హెచ్చరిక రాసి పెట్టండి. విత్తిన తర్వాత యజమాని ఈ-పీక్ పాహణీలో, అంటే ప్రభుత్వ పంట నమోదు మొబైల్ యాప్‌లో పంట పేరు సరిగ్గా నమోదు చేశారో లేదో మీరే దగ్గరుండి చూడండి. ఆ నమోదు లేకపోతే పంట నష్టం వచ్చినప్పుడు పరిహారం దక్కడం కష్టం.