డీజిల్ ఎక్కడికి పోతోంది? డెలివరీ బండ్ల ఓనర్లకు సమస్య - పరిష్కారం

గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ నుంచి కిరాణా షాపులకు సరుకు వేసే చిన్న ట్రక్కులు మావి ఆరు. గుడివాడ, మచిలీపట్నం, తెనాలి, ఏలూరు లైన్లు. లెక్కలో ఏ తేడా వచ్చినా ఓనర్ చూపు ముందు డ్రైవర్ మీదికే పోతుంది. నాదీ అదే అలవాటు. ఒక బ్రేక్ డ్రమ్ము మాన్పించింది.

సమస్య: మైలేజీ పడిపోయింది

మచిలీపట్నం లైను బండి లీటరుకు 18 ఇచ్చేది, 15కి దిగింది. డీజిల్ తీసి అమ్ముకుంటున్నాడని డ్రైవర్‌ని నిలదీశాను. నాకన్నా వయసులో పెద్ద, బాబాయ్ అనే పిలుస్తాను. వాదన పెట్టుకోలేదు. "వెనక చక్రం దగ్గర ఒకసారి చెయ్యి పెట్టి చూడు బాబూ" అన్నాడు. బండి అప్పుడే లైను నుంచి వచ్చింది. మూడు చక్రాలు గోరువెచ్చగా ఉన్నాయి. ఎడమ వెనక చక్రం మాత్రం జానెడు దూరం నుంచే సెగ కొడుతోంది, బ్రేక్ లైనింగ్ కాలిన వాసన. జాకీ ఎత్తి చేత్తో తిప్పితే అర చుట్టుకే పట్టేసింది. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి వెనక్కి రావడం లేదు. బ్రేక్ షూ డ్రమ్ముకి రాసుకుంటూనే రోజూ బందరు పోయి వస్తోందన్నమాట. కేబుల్ మార్చాం, మైలేజీ దాదాపు పాత లెక్కకి వచ్చింది. బాబాయ్‌కి సారీ చెప్పడానికి మాత్రం నాకు రెండు రోజులు పట్టింది.

అందుకని ఇప్పుడు ముందు కొలుస్తాను. ఒకే బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించి మీటరు రాసుకుంటాం, మళ్లీ అక్కడే ఫుల్ చేయిస్తాం. మధ్యలో 540 కిలోమీటర్లు తిరిగి 30 లీటర్లు పడితే 18. ఒక్కసారి తగ్గితే పట్టించుకోను. వరసగా మూడుసార్లు తగ్గితే వెతుకుతాను.

అన్ని బండ్లదీ తగ్గితే లోడు పెరిగిందో, రూటు మారిందో చూడండి. ఒక్క బండిదే తగ్గితే ఉదయం బండి కదలకముందు టైర్లలో గాలి, తర్వాత ఎయిర్ ఫిల్టర్, ట్రిప్పు అయ్యాక చక్రాల వేడి. పై గేర్లో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ రొద పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది, ప్లేటు చూపించండి. ఇవన్నీ బాగుంటే రెండు వారాలు డ్రైవర్లను అటూ ఇటూ మార్చండి. తేడా బండితోనే ఉండిపోతే మెకానిక్ పని. డ్రైవర్‌తో పాటు రెండో బండికి పోతే అప్పుడు అడగాల్సింది అతన్నే. దొంగతనం ఉందా లేదా అన్నది కూడా మాటల్లో తేలదు, బిల్లుల్లో తేలుతుంది. ట్యాంకు పట్టేదానికన్నా ఎక్కువ లీటర్లకు బిల్లు తెచ్చినవాడిని నేను చూశాను.

సమస్య: బండి రోజంతా తిరుగుతుంది, అయినా నాలుగు షాపులు మిగిలిపోతాయి

కొంతమంది వెంటనే ఇంకో బండి కొనేస్తారు. తొందరపడకండి. డ్రైవర్ చేత ఒక వారం ప్రతి షాపు దగ్గర వచ్చిన టైము, కదిలిన టైము రాయించండి. మా షీటులో రోడ్డు మీద పోయిన టైము కన్నా షాపుల ముందు నిలబడిన టైమే ఎక్కువ తేలింది. మొదటి షాపు సరుకు లోపలి వరసలో ఉండటంతో పది పెట్టెలు దించి, రెండు తీసి, ఎనిమిది మళ్లీ ఎక్కిస్తున్నారు. ఆఖరి షాపు సరుకు ముందు ఎక్కించాలి, మొదటి షాపుది తలుపు దగ్గర ఉండాలి. ఇది తెలియనివారు లేరు, కానీ తెల్లవారుజామున గోడౌన్‌లో ఏ బిల్లు ముందు వస్తే ఆ సరుకే ఎక్కేస్తుంది. బిల్లులను రూటు వరసలో పేర్చి ఇచ్చేదాకా మాది మారలేదు. మధ్యాహ్నం భోజనానికి మూసేసే షాపులను కూడా పొద్దుటి వరసలోకి తెచ్చాం.

సమస్య: టైర్లు తొందరగా అరుగుతున్నాయి

రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, మధ్యలో అరిగితే ఎక్కువ. ఒక్క అంచే అరిగితే చక్రాల అలైన్‌మెంట్ తేడా. గాలి చల్లటి టైర్లోనే చూడాలి. పరిగెత్తి వచ్చిన టైరు ఎక్కువ చూపిస్తుంది, మనం దించేస్తాం, తెల్లారేసరికి తక్కువైపోతుంది.

సమస్య: డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) లైటు మాటిమాటికీ వెలుగుతోంది

డీపీఎఫ్ ఉన్న బీఎస్-6 డీజిల్ బండిని ఊళ్లోనే ఆగుతూ సాగుతూ తిప్పితే ఫిల్టర్‌లో మసి పేరుకుంటుంది. అది కాలాలంటే వేడి కావాలి, ఆ వేడి లైను మీద ఆగకుండా పరిగెత్తితేనే వస్తుంది. సిటీ బండిని, లైను బండిని వారానికి ఒకసారి మార్చి పంపితే సరిపోతుంది. లైటు వెలుగుతున్నా అలాగే నడిపిస్తే బండి పికప్ పోతుంది, ఖర్చు వర్క్‌షాపుదాకా వెళ్తుంది.

సమస్య: బండి బాగానే ఉంది, కాగితాల దగ్గర ఆగింది

చెడిపోయిన బండిలో సరుకు ఇంకో బండికి మార్చేటప్పుడు ఇ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) ఎవరికీ గుర్తుకురాదు. సరుకు విలువ 50 వేలు దాటిన లోడుకి, ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో కొత్త బండి నంబరు ఎక్కించాకే కదలాలి. ఆ బిల్లు గడువు మామూలు లోడుకి 200 కిలోమీటర్లకు ఒక రోజు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ బండికి 8 ఏళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. ఫాస్టాగ్‌లో డబ్బు లేకపోతే 2025 నవంబరు 15 నుంచి టోల్ గేటు దగ్గర యూపీఐతో 1.25 రెట్లు కట్టాలి. ఓవర్‌లోడు జోలికి అసలు పోకండి. 2019 సవరణ తర్వాత చట్టంలో జరిమానా 20 వేలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు, అక్కడే సరుకు దించించే ఖర్చు వేరే.

మా ఆఫీసు గోడకి ఒక అట్ట ఉంది. ఆరు బండ్ల నంబర్లు, ఎదురుగా ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్ తేదీలు. నెల రోజుల్లో రాబోయే తేదీ కింద ఎర్ర స్కెచ్‌తో గీత గీస్తాం. కాగితాలు ప్రతి డ్రైవర్ ఫోన్లో డిజిలాకర్‌లో ఉంటాయి, చెకింగ్‌లో అవి చెల్లుతాయి. ఫోన్లో చార్జింగ్ ఉందో లేదో చూసి పంపడం మాత్రం మన పనే.