బ్యాంకు కోసేసిన చార్జీలు వెనక్కి రాబట్టడం, 3వ పాఠం: బ్రాంచికి ఇచ్చే కంప్లైంట్ లెటర్

పోయిన రెండు పాఠాల్లో ఏడాది స్టేట్‌మెంట్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకుని అందులో చార్జీల లైన్లన్నీ ఏరి పక్కన పెట్టుకున్నాం, ఏది మినిమం బ్యాలెన్స్ చార్జీ, ఏది నాచ్ రిటర్న్ చార్జీ (ఈఎంఐ లాంటివి ఖాతా నుంచి వాటంతటవే కట్ అయ్యే పద్ధతి నాచ్, డబ్బు చాలక అది వెనక్కి పోతే వేసేది), ఏది డెబిట్ కార్డు ఫీజు అని విడగొట్టుకున్నాం, ప్రతిదాని మీదా పడే 18 శాతం జీఎస్టీ ఎక్కడుందో కూడా చూశాం. ఇవాళ మినిమం బ్యాలెన్స్ చార్జీ ఒక్కదాన్నే పట్టుకుందాం. ఎందుకంటే మన దగ్గర సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి పోవడానికి ఎక్కువగా ఇదే కారణం, పైగా దీని మీద ఆర్బీఐ రూల్ సూటిగా ఉంది, పట్టుకుని అడగడానికి బాగుంటుంది.

లెటర్‌లో రాయకూడనిది ముందు చెప్తాను, ఎందుకంటే అందరూ రాసేది అదే. "సామాన్యుల దగ్గర ఇంత చార్జీ అన్యాయం, దయచేసి తిరిగి ఇవ్వగలరు" అని. అన్యాయమే, కాదనట్లేదు, పార్లమెంటులో కేంద్రం ఇచ్చిన లెక్క ప్రకారమే 2019-20 నుంచి ఐదేళ్ళలో ప్రభుత్వ బ్యాంకులు ఈ మినిమం బ్యాలెన్స్ పెనాల్టీ ఒక్కదాని కిందే దాదాపు 8,500 కోట్లు వసూలు చేశాయి. కానీ చార్జీ ఎంత పెట్టాలి అనేది బ్యాంకు బోర్డు తీసుకునే వ్యాపార నిర్ణయం అంటారు, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్బీఐ అధికారి అంబుడ్స్‌మన్ కూడా ఆ జోలికి పోడు, అలాంటి కంప్లైంట్‌ని విచారణకే తీసుకోరు. అంటే "ఎంత" అని అడిగితే తలుపు మూసేస్తారు. "ఎలా కోశారు" అని అడగాలి. కోసే ముందు చెప్పాలని రూల్ ఉంది, చెప్పారా? ఎంత తక్కువైతే అంతకి తగ్గట్టే కోయాలని ఉంది, అలాగే కోశారా? ఖాతా మైనస్ చెయ్యకూడదని ఉంది, చేశారా లేదా? ఈ మూడు ప్రశ్నలకి బ్యాంకు కాయితం చూపించాలి, మాటలు సరిపోవు.

ఈ తేడా ఎంత పెద్దదో ఇంగ్లండు వాళ్ళని అడిగితే తెలుస్తుంది. అక్కడ 2006, 2007 ప్రాంతంలో ఓవర్‌డ్రాఫ్ట్ చార్జీలు, అంటే ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ వాడితే పడేవి, వెనక్కివ్వమని జనం ఎగబడి లెటర్లు రాశారు, కోర్టుల్లో చిన్న చిన్న కేసులు వేశారు, బ్యాంకులు కూడా విచారణ దాకా ఎందుకులే అని చాలామందికి డబ్బులు ఇచ్చేశాయి. తర్వాత అక్కడి ప్రభుత్వ సంస్థ ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్‌కి, బ్యాంకులకి మధ్య ఒక పెద్ద కేసు నడిచింది, 2009 నవంబర్ 25న సుప్రీంకోర్టు ఏమందంటే ఆ చార్జీలు ఖాతా నడిపినందుకు తీసుకునే ధరలో భాగమే, ఇచ్చే సేవకి ఆ ధర ఎక్కువా తక్కువా అని ఆ చట్టం కింద తూచడానికి లేదు అని. దాంతో అప్పటిదాకా ఆగి ఉన్న కంప్లైంట్లలో చాలా వరకు నీరుగారిపోయాయి. ధర మీద కొట్లాడితే అంతటి సంస్థే నెగ్గలేదు, మన లెటర్ ఎంత.

సరే, మన రూల్ సంగతి. ఆర్బీఐ 2014 నవంబర్ 20న ఒక సర్క్యులర్ ఇచ్చింది, 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఖాతా తెరిచేటప్పుడు ఒప్పుకున్న మినిమం బ్యాలెన్స్ కన్నా తగ్గితే బ్యాంకు ముందు ఎస్ఎంఎస్, ఈమెయిల్ లేదా లెటర్ ద్వారా కస్టమర్‌కి స్పష్టంగా చెప్పాలి, ఆ నోటీసు తేదీ నుంచి కనీసం ఒక నెల టైమ్ ఇవ్వాలి, అప్పటికీ సరిచెయ్యకపోతేనే చార్జీ. ఆ చార్జీ కూడా అందరికీ ఒకే రేటు కాదు, తక్కువైన మొత్తం మీద ఒక శాతంగా ఉండాలి, అందుకే శ్లాబులు, అంటే ఎంత తక్కువైందో దాన్ని బట్టి మెట్లుగా రేట్లు, పెట్టుకోమన్నారు. ఇక మూడోది, కేవలం ఈ చార్జీ వల్లనే సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి పోకూడదు. 2025 నవంబర్‌లో ఆర్బీఐ వేల సంఖ్యలో పాత సర్క్యులర్లని రద్దు చేసి, వాటిలోని రూల్స్‌ని పెద్ద పెద్ద డైరెక్షన్ల కిందకి మార్చింది కాబట్టి లెటర్‌లో సర్క్యులర్ తేదీ ఒక్కటే రాసి ఊరుకోకండి, రూల్ ఏం చెప్తోందో కూడా ఒక వాక్యంలో రాయండి. లేకపోతే "ఆ సర్క్యులర్ ఇప్పుడు లేదండీ" అని కౌంటర్‌లోనే పంపించేస్తారు.

ఇప్పుడొక లెక్క చేద్దాం. అంకెలు పాఠం కోసం నేను వేసినవే, కానీ పుస్తకం తీసుకుని నాతోపాటు వెయ్యండి, చూసి వదిలేస్తే రాదు. ఖాతాలో నెలవారీ యావరేజ్ 5,000 ఉండాలి అనుకుందాం. జూన్‌లో మొదటి 10 రోజులు 12,000 ఉంది, 11వ తేదీన పిల్లాడి కాలేజీ ఫీజు 10,800 కట్టారు, మిగతా 20 రోజులూ 1,200 ఉంది. రోజు ముగిసేసరికి ఉన్న బ్యాలెన్సులన్నీ కూడాలి, 12,000 పది రోజులకి 1,20,000, 1,200 ఇరవై రోజులకి 24,000, మొత్తం 1,44,000, దాన్ని 30 తో భాగిస్తే 4,800. అంటే తక్కువైంది 200 రూపాయలే. చాలామంది "బ్యాలెన్స్ 1,200కి పడిపోయింది కదా, చార్జీ వేస్తారు మరి" అని వాళ్ళే బ్యాంకు తరఫున ఒప్పేసుకుంటారు, యావరేజ్ అంటే ఇదని తెలీక.

జూలై 5న ఆ ఖాతాలో 200 మిగిలి ఉండగా బ్యాంకు 300 చార్జీ, 54 జీఎస్టీ, మొత్తం 354 కోసింది. బ్యాలెన్స్ మైనస్ 154. జూలై 20న ఊర్నుంచి అమ్మ 2,000 పంపితే ఖాతాలో కనబడింది 1,846. ఇప్పుడు మూడు ప్రశ్నలూ వేసి చూడండి. జూన్ నెల యావరేజ్ జూన్ 30 సాయంత్రం గానీ తేలదు, జూలై 1న నోటీసు పంపారనే అనుకున్నా నెల టైమ్ అంటే ఆగస్టు వస్తుంది, మరి జూలై 5న ఎలా కోశారు? బ్యాంకు టారిఫ్‌లో, అంటే చార్జీల పట్టికలో, తక్కువైన మొత్తం మీద 6 శాతం అని ఉందనుకోండి, 200 మీద 6 శాతం 12 రూపాయలు, జీఎస్టీ 2.16, కలిపి 14.16 కోయాలి, 354 ఎక్కడిది? మూడోది అడగక్కర్లేదు, స్టేట్‌మెంట్‌లో మైనస్ గుర్తు కళ్ళకి కనబడుతోంది. కొన్ని బ్యాంకులు మైనస్ చూపించకుండా లీన్ పెడతాయి, అంటే చార్జీ బాకీగా రాసుకుని డబ్బు పడగానే పట్టుకుంటాయి. అప్పుడు మైనస్ గుర్తు దొరకదు కాబట్టి ఏ నెల చార్జీని ఏ రోజు పట్టుకున్నారో తేదీలు రాసుకోండి, ముందు నోటీసు అనే పాయింటు మీద నిలబడండి.

లెటర్‌కి ముందు ఇంకొక్క చూపు, అసలు మీ ఖాతాకి మినిమం బ్యాలెన్స్ వర్తిస్తుందా? బేసిక్ సేవింగ్స్ ఖాతా, జన్‌ధన్ ఖాతా అయితే మినిమం అనేదే లేదు. రెండేళ్ళుగా మీరు ఏ లావాదేవీ చెయ్యక ఇనాపరేటివ్ అయిపోయిన ఖాతా మీద కూడా ఈ చార్జీ వెయ్యకూడదు. స్టేట్ బ్యాంక్ 2020 మార్చిలోనే ఎత్తేసింది, కెనరా బ్యాంక్ 2025 జూన్ 1 నుంచి, పంజాబ్ నేషనల్ బ్యాంక్ జూలై 1 నుంచి ఎత్తేశాయి, కాబట్టి చార్జీ ఏ నెలకి సంబంధించిందో చూస్కోండి. హైదరాబాద్‌లో ఉద్యోగాలు మారేవాళ్ళకి వేరే తంటా ఉంది, పాత కంపెనీ శాలరీ ఖాతా అలాగే వదిలేస్తారు, కొన్ని నెలలు జీతం పడకపోతే బ్యాంకు దాన్ని మామూలు సేవింగ్స్‌గా మార్చేసి చార్జీలు మొదలెడుతుంది. అక్కడ ముందు అడగాల్సింది "ఖాతా టైపు మార్చినప్పుడు నాకు ఎప్పుడు, ఎలా చెప్పారు" అని.

ఇక లెటర్. సగం పేజీ దాటకూడదు, కోపం ఉండకూడదు, తేదీలు అంకెలు ఉండాలి. పై లెక్కకి నేనైతే ఇలా రాస్తాను.

"బ్రాంచి మేనేజర్ గారికి. నా సేవింగ్స్ ఖాతా నంబరు ఫలానా. ఈ ఖాతా నుంచి జూలై 5న జూన్ నెల మినిమం బ్యాలెన్స్ చార్జీ పేరుతో జీఎస్టీతో కలిపి 354 రూపాయలు తీసుకున్నారు. ఆర్బీఐ నిబంధన ప్రకారం బ్యాలెన్స్ తగ్గినట్టు ముందు నోటీసు ఇచ్చి కనీసం ఒక నెల గడువు ఇవ్వాలి. నాకు అలాంటి నోటీసు అందలేదు. జూన్ నెల నా సగటు బ్యాలెన్స్ 4,800, తగ్గింది 200 మాత్రమే, లెక్క జతచేశాను. ఈ చార్జీ వల్ల నా ఖాతా మైనస్ 154కి వెళ్ళింది, ఇదీ నిబంధనకి విరుద్ధమే. కాబట్టి 354 రూపాయలు పూర్తిగా తిరిగి జమ చెయ్యమని కోరుతున్నాను. కుదరదంటే, నోటీసు పంపిన తేదీ, ఏ నంబరుకి లేదా ఏ మెయిల్‌కి పంపారు, చార్జీ లెక్క ఎలా వేశారు అనేది రాతపూర్వకంగా ఇవ్వగలరు. మీ టారిఫ్ ప్రకారం న్యాయంగా రావాల్సింది 14.16 మాత్రమే కనుక కనీసం 339.84 వెంటనే జమ చెయ్యగలరు."

చివరి మూడు వాక్యాలు గమనించండి. ముందు మొత్తం అడిగాం, తర్వాత ఇవ్వకపోతే కారణం కాయితం మీద అడిగాం, ఆఖర్న ఎలా చూసినా ఎగ్గొట్టలేని భాగం అడిగాం. ఒక్క మొత్తమే అడిగితే బ్యాంకుకి "అవును", "కాదు" రెండే దారులు, సులువైన దారి కాదనడమే. మనం మధ్యలో ఒక మెట్టు వేసి పెడుతున్నాం. ఇంకో జాగ్రత్త, "నోటీసు అందలేదు" అని రాసే ముందు ఫోన్‌లో బ్యాంకు పేరుతో వచ్చిన మెసేజీలన్నీ, మెయిల్‌లో ప్రమోషన్స్ ట్యాబ్‌తో సహా వెతకండి, నోటీసు ఉండి లేదని రాస్తే మిగతా పాయింట్లు కూడా తేలిపోతాయి. సిమ్ మార్చి బ్యాంకులో నంబరు మార్పించుకోకపోతే వాళ్ళు పాత నంబరుకి పంపామంటారు, అప్పుడు నోటీసు పాయింటు వదిలేసి శాతం, మైనస్ అనే రెండింటి మీదే రాయండి.

లెటర్ ఇవ్వడంలోనే సగం మంది దెబ్బతింటారు. రెండు కాపీలు తీసుకెళ్ళండి, ఒకటి వాళ్ళకి, రెండోదాని మీద బ్రాంచి స్టాంపు, తేదీ, సంతకం వేయించుకోండి. "పెట్టి వెళ్ళండి, చూస్తాం" అంటే నవ్వుతూనే స్టాంపు అడగండి, వెయ్యకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. ఇదే మేటర్ బ్యాంకు యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ కంప్లైంట్‌గా కూడా పెట్టి నంబరు రాసుకోండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి గంటసేపు వాదించినా మీ చేతిలో మిగిలేది ఏమీ లేదు, కంప్లైంట్ నంబరు అడిగి తీసుకుంటే తప్ప. ఈ తేదీ ఎందుకింత ముఖ్యం అంటే, 2021 నవంబర్ 12న మొదలైన ఆర్బీఐ ఇంటిగ్రేటెడ్ అంబుడ్స్‌మన్ స్కీమ్‌లో ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చి ఉండాలి, 30 రోజుల్లో జవాబు రాకపోవాలి, లేదా వచ్చిన జవాబు మీకు నచ్చకపోవాలి, అప్పుడే మీది తీసుకుంటారు. నేరుగా అక్కడికి పోతే వెనక్కి పంపేస్తారు.

జవాబులు ఎలా వస్తాయంటే, ఎక్కువసార్లు "గుడ్‌విల్ కింద ఒకసారికి సగం రివర్స్ చేస్తాం" అని ఫోన్ వస్తుంది. డబ్బు వస్తే తీసుకోండి, కానీ "పూర్తిగా సంతృప్తి చెందాను, కంప్లైంట్ మూసెయ్యండి" అని మెసేజ్‌కి జవాబివ్వడం, ఓటీపీ చెప్పడం చెయ్యకండి, మిగతా సగం గురించి మెయిల్ రాయండి. రెండో రకం జవాబు "చార్జీలు బ్యాంకు షెడ్యూల్ ప్రకారమే వేయబడ్డాయి" అనే ఒక్క లైన్. దీన్ని చూసి నీరసపడకండి, నోటీసు తేదీ అడిగితే షెడ్యూల్ గురించి చెప్పారంటే మన ప్రశ్నకి జవాబు రాలేదని అర్థం, అంబుడ్స్‌మన్ దగ్గర ఆ లైన్‌నే జతచేస్తాం. నాకైతే మొదటి రకం కన్నా ఈ రెండోదే నయం.

నాచ్ రిటర్న్ చార్జీలకి ఈ లెటర్ వాడకండి, పైన చెప్పిన రూల్ మినిమం బ్యాలెన్స్‌కి మాత్రమే. ఈఎంఐ బౌన్స్ అయితే బ్యాంకు ఒక చార్జీ, లోన్ ఇచ్చినవాళ్ళు ఇంకో చార్జీ వేస్తారు, అది వేరే పాఠం. ఈలోగా కోపంతో డబ్బులు ఉంచకుండా ఈఎంఐ బౌన్స్ చేయించే తెలివి మాత్రం వద్దు, పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 2007లో 25వ సెక్షన్ ప్రకారం అది కూడా చెక్ బౌన్స్ లాగే నేరం కిందకి వస్తుంది.

హోమ్‌వర్క్: మీరు ఏరి పెట్టుకున్న మినిమం బ్యాలెన్స్ చార్జీల్లో పెద్దది ఒక్కటి తీసుకుని ఆ నెల యావరేజ్ మీరే వెయ్యండి, బ్యాంకు వెబ్‌సైట్‌లో సర్వీస్ చార్జీల పట్టిక నుంచి ఆ శ్లాబు రేటు రాసుకోండి, లెటర్ రాసి స్టాంపు వేయించండి. 4వ పాఠంలో ఆర్బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు నింపడం, ఏ బాక్సులో ఏం రాయాలో చూద్దాం, దానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, సందేహం ఉంటే ఆర్బీఐ టోల్‌ఫ్రీ 14448కి ముందే ఫోన్ చేసి కనుక్కోవచ్చు. స్టాంపు ఉన్న కాపీ, స్టేట్‌మెంట్, కంప్లైంట్ నంబరు మూడూ స్కాన్ చేసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకుని రండి.