మిలిట్రీ నుంచి వచ్చినవాళ్లు పోలింగ్ ఏజెంటుగా కూర్చుంటే

2021 జనవరి 6న అమెరికాలో కాపిటల్ భవనం మీద పడ్డవాళ్లలో మాజీ సైనికులూ ఉన్నారు. రాజ్యాంగాన్ని కాపాడతామని ఒట్టేసినవాళ్లే వాళ్లు. ఆ తర్వాత అక్కడ చాలామంది మాజీ సైనికులు పోలింగ్ కేంద్రాల్లో పనిచేయడానికి ముందుకొచ్చారు. హన్మకొండ, వరంగల్‌లలో మన మాజీ సైనికులూ పోలింగ్ ఏజెంటుగా, అంటే బూత్‌లో అభ్యర్థి తరఫున కూర్చుని పోలింగ్‌ను గమనించే మనిషిగా, పనిచేయొచ్చు.

అభ్యర్థి సంతకం చేసిన ఫారం 10 (ఏజెంటుగా నియమించే పత్రం), ఓటరు కార్డు, ఓటరు జాబితా, పెన్ను దగ్గరుంచుకోండి. పోలింగ్‌కు 90 నిమిషాల ముందే బూత్‌లో ఉండాలి, మాక్ పోల్ (యంత్రం సరిగా పనిచేస్తుందో చూసే ఉత్తుత్తి పోలింగ్) అప్పుడే. కనీసం 50 ఓట్లు వేస్తారు. ఎవరికెన్ని పడ్డాయో మీరూ రాసుకోండి.

తప్పు జరిగేది ఇక్కడే. మాక్ పోల్ అయ్యాక పోలింగ్ అధికారి ఈవీఎం కంట్రోల్ యూనిట్ మీద క్లోజ్, రిజల్ట్, క్లియర్ బటన్లు ఇదే వరుసలో నొక్కాలి. హడావుడిలో క్లియర్ మరిస్తే ఆ ఓట్లు అసలు ఓట్లలో కలుస్తాయి, లెక్క తప్పుతుంది. టోటల్ నొక్కించి, తెరమీద సున్నా కళ్లారా చూడండి. వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపే యంత్రం) డబ్బాలోని మాక్ చీటీలు తీసి నల్ల కవర్లో పెట్టి సీలు వేయాలి. ఇవన్నీ అయ్యేదాకా మాక్ పోల్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టకండి.

సాయంత్రం టోటల్ అంకె 17ఏ రిజిస్టర్ (ఓటేసినవాళ్ల వివరాలు రాసే పుస్తకం) లెక్కతో సరిపోయిందా చూసి, ఫారం 17సీ (బూత్‌లో పోలైన ఓట్ల లెక్క) నకలు అడిగి తీసుకోండి. అడగడానికి మొహమాటపడొద్దు, అది మీ హక్కు. కౌంటింగ్ రోజు టేబుల్ దగ్గర కూర్చునే ఏజెంటు చేతిలో ఆ కాగితం ఉండాలి.