డోర్డోన్ లోయలో కోటలు, పాత ఊళ్లు చూసి రావడం ఎలా?

ఫ్రాన్స్ వెళ్లే మనవాళ్లలో చాలామంది పారిస్ చూసి, ఐఫిల్ టవర్ ముందు ఫొటోలు దిగి, అక్కణ్నుంచి స్విట్జర్లాండ్ రైలెక్కేస్తారు. పల్లెలు కూడా చూడాలని ఉన్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. నన్నడిగితే ఒక్క నదిని పట్టుకోమంటాను. నైరుతి ఫ్రాన్సులో డోర్డోన్ నది మీద డోమ్ అనే ఊరి నుంచి మిలాండ్ అనే భవనం దాకా రోడ్డున వెళ్తే పదిహేను కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. ఆ కాస్త దూరంలోనే బేనాక్, కాస్టెల్నో అని రెండు కోటలు నదికి చెరోవైపు, ఒకదానికొకటి పక్కలో బల్లెంలా నిలబడి ఉంటాయి. నూరేళ్ల యుద్ధంలో (1337-1453) బేనాక్ ఫ్రెంచి పక్షం, కాస్టెల్నో చాలాకాలం ఇంగ్లిషు పక్షం. మధ్యలో నదే సరిహద్దు. ఇక్కడ ఒక కోట మీద నిలబడితేనే ఎదుటి కోట అక్కడెందుకుందో బోధపడుతుంది. నాలుగు రోజులు చాలు.

1. బోర్డులు చూసి మోసపోకండి

ఫ్రెంచిలో కోటనీ షాటో అంటారు, రాజభవనాన్నీ షాటో అంటారు, ద్రాక్షతోట మధ్యలో ఉన్న పెద్దింటినీ షాటోనే అంటారు. బోర్డో నగరం చుట్టుపక్కల షాటో అని బోర్డు కనబడిందల్లా తిరిగితే దొరికేవి వైన్ సీసాలే. ఇంకో తిరకాసు పలకడంలో ఉంది. ఊళ్ల పేర్ల చివరి అక్షరాలు చాలావాటిలో మింగేస్తారు. ఈ లోయ దగ్గరి పట్టణం సార్లా చివర టి, కాస్టెల్నో చివర డి రాతలో ఉంటాయి, నోట్లో ఉండవు. మ్యాపులో వెతికేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఊళ్ల ఎంపికకి ఒక మంచి కొండగుర్తు ఉంది. "ఫ్రాన్సులోకెల్లా అందమైన ఊళ్లు" అనే సంఘం 1982 నుంచి పనిచేస్తోంది. జనాభా 2,000 దాటని ఊళ్లనే, అదీ కనీసం రెండు రక్షిత కట్టడాలో ప్రదేశాలో ఉంటేనే చేర్చుకుంటుంది. బేనాక్, కాస్టెల్నో, లా రోక్ గజాక్, డోమ్ నాలుగూ ఆ జాబితాలో ఉన్నాయి.

2. ఎప్పుడు వెళ్లాలి

మే, జూన్, సెప్టెంబరు. జులై, ఆగస్టుల్లో ఐరోపా అంతా అక్కడే ఉంటుంది, కారు పెట్టడానికి చోటు దొరికితే అదృష్టం. చలికాలంలో కొన్ని కోటలు మూసేస్తారు, తెరిచినవి కూడా పెందలాడే తలుపులేస్తాయి. సెప్టెంబరు మూడో శని, ఆదివారాలు వారసత్వ దినాలు. ఆ రెండ్రోజులూ మామూలుగా తెరవని పాత ఇళ్లు, భవనాలు కూడా చాలాచోట్ల జనం కోసం తెరుస్తారు.

3. వీసా, కారు

షెన్‌గెన్ వీసాకి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా తీసుకోండి, ఏడాది పాటు చెల్లుతుంది.

పారిస్ నుంచి బోర్డోకి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో రెండు గంటల పైచిలుకు. కారు అక్కడ తీసుకోండి. బోర్డో నుంచి సార్లాకి చిన్న రైలుంది గానీ, సార్లా నుంచి కోటలకు బస్సుల మీద ఆధారపడితే రోజంతా ఎదురుచూపులే. ఆటోమేటిక్ గేర్ల బండి కావాలంటే ముందే బుక్ చేయాలి, లేకపోతే గేర్లబండే అంటగడతారు. డిపాజిట్ కింద క్రెడిట్ కార్డు మీద సొమ్ము బ్లాక్ చేస్తారు కాబట్టి డెబిట్ కార్డొక్కటే పట్టుకెళ్లి ఇబ్బంది పడకండి.

కుడివైపు నడపడం ఒక పూటలో అలవాటవుతుంది. అసలు టెన్షన్ వేరే ఉంది. వేరే గుర్తేమీ లేని కూడలిలో కుడివైపు సందులోంచి వచ్చే బండికే మొదటి దారి. మీరు పెద్దరోడ్డు మీదే ఉండొచ్చు, వాడు గొడ్లచావడి పక్క సందులోంచి రావచ్చు, ఆగాల్సింది మీరే. ఊళ్లలో గంటకు 50 కిలోమీటర్లు. ఊరు దాటాక మామూలు రోడ్డు మీద 80, బోర్డు వేరేలా చెబితే బోర్డు మాటే.

4. మకాం సార్లాలో

రోజుకో ఊళ్లో బస వద్దు. సార్లాలో గది తీసుకుంటే ఈ కోటలన్నీ అరగంటలోపు దూరమే. వీలైతే బుధవారమో శనివారమో కలిసొచ్చేలా చూసుకోండి, ఆ రెండ్రోజులూ సంత. పొద్దున్నే వెళ్లాలి, తొమ్మిది దాటితే జనం.

సంత అయ్యాక తలెత్తి ఇళ్ల కప్పులు చూడండి. అవి పెంకులు కావు, సున్నపురాయి పలకలు. ఒకదాని మీదొకటి పేర్చుకుంటూ పోతారు. చదరపు మీటరుకు బరువు అర టన్ను దాకా ఉంటుంది. కింద దూలాలు ఎంత లావుగా ఉండాలో ఊహించుకోండి. పాత పట్టణ కేంద్రాలను కాపాడటానికి ఫ్రాన్సు 1962లో ఒక చట్టం తెచ్చింది, దాని కింద మొదట బాగుచేసిన ఊళ్లలో సార్లా ఒకటి. పాత సెయింట్ మేరీ చర్చి ఇప్పుడు కూరగాయల, జున్నుల మార్కెట్. దానికి ఆకాశమంత ఎత్తు ఉక్కు తలుపులు పెట్టినవాడు జాన్ నూవెల్, చిన్నప్పుడు ఈ ఊళ్లోనే పెరిగిన ఆర్కిటెక్ట్.

5. రెండు కోటలు ఒకే రోజు

పొద్దున కాస్టెల్నో, మధ్యాహ్నం బేనాక్. కాస్టెల్నోలో 1985 నుంచి మధ్యయుగాల యుద్ధాల మ్యూజియం ఉంది. ముందు బయటి మైదానంలో ఉన్న రాళ్లు విసిరే యంత్రాల దగ్గర ఆగండి. పొలంలో నీళ్లు తోడే ఏతాం చూసినవాళ్లకి దాన్ని ఎవరూ వివరించక్కర్లేదు. ఒక చివర బరువు, ఇంకో చివర పొడవాటి దుంగ, మధ్యలో ఇరుసు. ఏతాం బానతో నీళ్లు పైకి తెస్తుంది, ఇది వడిసెలతో 100 కిలోల రాయిని దాదాపు 200 మీటర్ల దూరం విసిరేస్తుంది. వేసవి సెలవుల్లో ప్రదర్శనలు కూడా ఇస్తారు.

తర్వాత పై బురుజు మీదికి ఎక్కి నదికి అవతలకి చూడండి. 150 మీటర్ల కొండకొమ్ము మీద బేనాక్. ఇక్కడ పొయ్యి రాజేస్తే అక్కడికి పొగ కనబడుతుంది. ఆ కాపలావాళ్లు రోజంతా ఏం చూస్తూ కూర్చున్నారో అప్పుడు తెలుస్తుంది.

మధ్యాహ్నం బేనాక్‌కి నది ఒడ్డు నుంచి నడిచి ఎక్కండి. కోట దగ్గర కూడా పార్కింగ్ ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అదే దారి. నడకదారి నిటారు, రాళ్లు అరిగి నున్నగా ఉంటాయి, చెప్పులతో వద్దు, బూట్లు వేసుకోండి. పైకెళ్లాక కాస్టెల్నో వైపు తిరిగి నిలబడండి. పొద్దున మీరు నిలబడిన చోటు ఇప్పుడు శత్రువు కోట.

6. యుద్ధం అయిపోయాక కట్టింది

మర్నాడు మిలాండ్. కాస్టెల్నో ప్రభువు ఫ్రాన్స్వా ద కోమాన్ భార్యకి ఆ చీకటి కోటలో ఉండటం నచ్చలేదట. ఆవిడ కోసమే 1489లో ఈ భవనం కట్టించాడని చెబుతారు. యుద్ధం ముగిసి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. నిన్న చూసిన గోడల్లో బాణం పట్టేంత చీలికలే, ఇక్కడ నిలువెత్తు కిటికీలు. చరిత్ర పుస్తకం చదవకపోయినా ఫర్వాలేదు, కిటికీలు చూసుకుంటూ పొండి.

తర్వాతి కాలంలో ఈ భవనం అమెరికాలో పుట్టి పారిస్‌లో పేరు తెచ్చుకున్న నర్తకి జోసెఫిన్ బేకర్ ఇల్లు. దత్తత తీసుకున్న పన్నెండు మంది పిల్లల్ని ఇక్కడే పెంచింది, అప్పుల్లో ఇల్లు పోగొట్టుకుంది. 2021లో ఫ్రాన్సు ఆమెను పారిస్‌లో దేశ మహనీయుల స్మారక మందిరమైన పాంథియోన్‌లో చేర్చి గౌరవించింది. ఆమె నాట్యం చేసేటప్పుడు కట్టుకున్న అరటిపళ్ల నడికట్టు లోపల చూడొచ్చు.

7. డోమ్ గోడల మీద గీతలు

డోమ్‌ను 1281లో రాజు మూడో ఫిలిప్ కట్టించాడు. ఊరి ద్వారాల్లో ఒకదానికి రెండు బురుజులు. 1307లో పట్టుబడ్డ టెంప్లర్లను, అంటే క్రైస్తవ సన్యాసి యోధుల్ని, వాటిలో బంధించారు. వాళ్లు గోడల మీద శిలువలు, దేవదూతలు గీకారు. ఆ గదుల్లోకి గైడుతోనే పంపిస్తారు, టూరిస్ట్ ఆఫీసులో ముందే అడగండి. నదివైపు మాత్రం గోడ కట్టలేదు, కొండే గోడ అనుకున్నారు. 1588లో వివాన్స్ అనే సేనాని రాత్రిపూట సరిగ్గా అటునుంచే మనుషుల్ని ఎక్కించి ఊరు పట్టుకున్నాడు.

8. తిండి

హోటళ్ల వంటిళ్లు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకానే. రెండుంపావుకి వెళ్లి ఆకలేస్తోందంటే జాలిగా చూస్తారు తప్ప పొయ్యి వెలిగించరు. ఆది, సోమవారాల్లో చాలా హోటళ్లకు సెలవు. ఏ కొట్లోకి అడుగుపెట్టినా ముందు "బోంజూర్" అనండి. అది అనకుండా ధర అడిగితే మర్యాద తెలియనివాళ్ల కింద లెక్క.

శాకాహారులు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఇది బాతుల దేశం. సార్లా బంగాళాదుంపలు అని మెనూలో కనబడగానే సంబరపడి మా అత్తగారికి తెప్పించాం. ఇంత రుచి ఎలా వచ్చిందే అంటూ ఆవిడ రెండోసారి వడ్డించుకోబోతుండగా తెలిసింది, వేయించింది బాతు కొవ్వులో అని. మిగిలిన మూడ్రోజులూ అక్రోటు రొట్టె, మేకపాల జున్ను, స్ట్రాబెర్రీలతో గడిపారు. మూడూ ఆ ప్రాంతపువే, బాగుంటాయి.

9. ఆఖరి పూట నదిలో

డోమ్ కింద సెనాక్ దగ్గర కనూ పడవలు అద్దెకిస్తారు. బేనాక్ దాకా రెండు గంటలు, తిరిగి వాళ్లే బండిలో తీసుకొస్తారు. ఈత రావడం తప్పనిసరి. నది మెల్లగా ఉంటుంది, తెడ్డు పెద్దగా వేయక్కర్లేదు. ముందు కుడివైపు కొండకి అతుక్కున్న లా రోక్ గజాక్ వస్తుంది. 1957లో ఆ కొండ విరిగి ఇళ్ల మీద పడింది. ఆ తర్వాత ఎడమవైపు కాస్టెల్నో. ఫోను వాళ్లిచ్చే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించేసుకోండి. కాస్టెల్నో వంతెన దాటాక కుడివైపు బేనాక్ కనబడుతుంది, మూత అక్కడ తీస్తే చాలు.