అనంతపురంలో యూబెల్మానియా – మూడో పాఠం: నీళ్ళు

యూబెల్మానియా అనే కాక్టస్ కోసం రెండో పాఠంలో కుండీలోకి పలుగురాతి ఇసుక కలిపాం. కడప బండ ముక్కల్ని మాత్రం దగ్గరికి రానివ్వొద్దన్నాను. కడప బండ అంటే సున్నపురాయి. మన బోరు నీళ్ళలోనూ ఆ సున్నం ఉంటుంది, కరిగిపోయి ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది అదే.

ఇంత ఎండలు కాసే ఊళ్ళో కాక్టస్‌కి లోటేముంది అనుకుంటాం. నాగజెముడు అయితే కంచె పక్కన పడేసి మరిచిపోవచ్చు. యూబెల్మానియా పెక్టినిఫెరా పుట్టిల్లు ఎడారి కాదు. బ్రెజిల్‌లోని మినాస్ జెరైస్ రాష్ట్రంలో, డయమాంటినా ఊరి చుట్టూ ఉన్న కొండలు. అక్కడంతా పలుగురాయే. సున్నం లేని, ఆమ్లగుణం ఉన్న నేల. వేసవిలో వానలు, మిగతా కాలంలో కొండమంచు. అందుకే దీనికి సున్నం పడదు, పూర్తిగా ఎండబెట్టినా పడదు. చాలామంది మొదటిది పట్టించుకోరు, కాక్టసే కదా అని రెండోది నమ్మరు.

సున్నం ఏం చేస్తుంది? మట్టి పీహెచ్ (పులుపు ఎంతో, క్షారం ఎంతో చెప్పే అంకె; తగ్గేకొద్దీ పులుపు) పెంచుతుంది. పెరిగితే మట్టిలో ఇనుము ఉన్నా వేళ్ళు తీసుకోలేవు. ముందు నడినెత్తిన కొత్త పెరుగుదల పసుపుపచ్చగా పాలిపోతుంది, తర్వాత మొక్క ఎదగడం మానేస్తుంది, చివరికి వేళ్ళు కుళ్ళుతాయి. టీడీఎస్ (లీటరు నీళ్ళలో కరిగిన లవణాలు, మిల్లీగ్రాముల్లో) 800 ఉన్న నీళ్ళు లీటరు పోస్తే, ఆవిరయ్యాక దాదాపు ముప్పాతిక గ్రాము లవణాలు కుండీలోనే మిగులుతాయి. పోసిన ప్రతిసారీ అంతే.

అన్నిటికంటే మంచివి వాన నీళ్ళు. మాకు వానలే తక్కువ కదా అంటారా? చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 10 చదరపు మీటర్ల టార్పాలిన్ పరిచి 20 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పట్టినా 200 లీటర్లు. చిన్న కుండీకి ఏడాదికి అందులో పదో వంతు కూడా పట్టదు. మిద్దె గొట్టం కింద మాత్రం బిందె పెట్టకండి. మన పాత మిద్దెల మీద సున్నం గార ఉంటుంది, కొత్తవాటి మీద సిమెంటు. రెండూ నీళ్ళను చెడగొడతాయి. టార్పాలిన్ మీద కూడా దుమ్ము కడిగే మొదటి జల్లు వదిలేసి తర్వాతది పట్టి, మూత గట్టిగా పెట్టండి. లేదంటే దోమల్ని పెంచినట్టే.

వాన నీళ్ళు అయిపోతే ఆర్వో నీళ్ళు. అవీ లేకపోతే బోరు నీళ్ళలో నిమ్మ ఉప్పు. లీటరుకి కొద్ది రవ్వలు వేసి కలిపి, పది నిమిషాలు ఆగి పీహెచ్ పట్టీ ముంచండి. 5 నుంచి 6 మధ్య రావాలి. మరీ కిందికి పోతే ఇంకాస్త బోరు నీళ్ళు కలపండి. ఇలా పులుపు చేసినా లవణాలు ఎక్కడికీ పోవు, కాబట్టి ఇది నెలా రెండు నెలలకు గట్టెక్కించే ఉపాయమే తప్ప అలవాటు కాకూడదు.

ఎప్పుడు పోయాలి? జూన్ నుంచి అక్టోబరు దాకా, మట్టి పైన అంగుళం ఆరగానే నిండుగా. ఏప్రిల్, మే నెలల్లో కొంచెం కొంచెం, అదీ పొద్దు గూకాకే. కాక్టస్‌లు రాత్రిపూటే రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. మన వేసవి రాత్రుళ్ళు వేడిగానే ఉంటే ఆ పని సరిగా సాగదు, మొక్క ముడుచుకుని కూర్చుంటుంది. అప్పుడు నీళ్ళు ఎక్కువైతే కుళ్ళడమే. పడమటి కిటికీ దగ్గర పెట్టినవాళ్ళు ఈ రెండు నెలలూ తూర్పుకి మార్చండి. చలికాలంలో మిగతా కాక్టస్‌లకు నీళ్ళు ఆపేస్తాం కదా, దీనికి ఆపొద్దు. నెలకోసారైనా మట్టి తడవాలి. సన్న వేళ్ళు ఒకసారి ఎండిపోయాయంటే మళ్ళీ రావడానికి చాలాకాలం పడుతుంది.

ఒంటి మీద మాత్రం బోరు నీళ్ళు చల్లకండి. ఆ తెల్లటి మైనపు పొలుసులే దీని అందం. వాటి మీద సున్నపు మరకలు పడితే తుడిచే దారి లేదు.

అంటుమొక్క కొన్నవాళ్ళు ఇంత కంగారుపడక్కర్లేదు. డ్రాగన్ ఫ్రూట్ కాడ మీద కట్టినదైతే వేళ్ళు దానివి, అవి మన నీళ్ళను మెరుగ్గానే తట్టుకుంటాయి. మొదటిసారి పెంచేవాళ్ళకు నేనైతే అంటుమొక్కే కొనమంటాను. ఆ అంటు కట్టే పద్ధతి నాలుగో పాఠంలో.

ఈలోగా ఒక పని. ఇంట్లో బోరు నీళ్ళు, పంచాయతీ లేదా మున్సిపాలిటీ నీళ్ళు, ఆర్వో నీళ్ళు తలా ఒక గ్లాసులో తీసుకుని పీహెచ్ పట్టీతో చూడండి. వచ్చిన అంకెలు రాసి పెట్టుకోండి, నాలుగో పాఠంలో కాడ నాటేటప్పుడు అవసరమవుతాయి.