బురద చల్లే యాడ్‌ను పట్టుకోవడం ఎలా?

ఎన్నికల యాడ్‌లో పచ్చి అబద్ధం కన్నా తోక కోసిన నిజమే ఎక్కువ. అందుకే ‘అంతా అబద్ధం’ అని అరిస్తే పని జరగదు. ఏ ముక్క కోశారో చూపించాలి.

ముందు యాడ్‌ను భద్రం చేయండి. గొడవ మొదలవగానే పోస్టు తీసేస్తారు. లింకు, పేజీ పేరు, తేదీ, టైము కనబడేలా స్క్రీన్ రికార్డింగ్ తీసుకోండి. కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. ఫైలును ట్రిమ్ చేసినా, వాట్సాప్‌లో పంపి కంప్రెస్ అయినా ఆ విలువ మారిపోతుంది. కాబట్టి మొదట దిగిన ఫైలును అసలు ముట్టుకోకండి.

డబ్బు కట్టిందెవరో మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్) యాడ్ లైబ్రరీలో, గూగుల్ యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్‌లో వెతకండి. కరపత్రమైతే అచ్చు వేసినవారి, వేయించినవారి పేరు, చిరునామా ఉండి తీరాలి (ప్రజాప్రాతినిధ్య చట్టం, 127ఎ). లేకపోతే అదే ఒక ఫిర్యాదు.

ఇక క్లిప్పులు. తెలుగు వాక్యంలో అసలు కీలకం చివర ఉంటుంది. ‘పింఛన్లు ఆపేస్తాం అని వాళ్లు మిమ్మల్ని భయపెడుతున్నారు’ అన్న మాటను ‘ఆపేస్తాం’ దగ్గర కోస్తే చాలు, ఎదుటివాడి మాట మాట్లాడినవాడిదైపోతుంది. రెండు సెకన్ల కత్తెర! పెదవులు ఇంకా కదులుతుండగానే క్లిప్పు ఆగిందా, చప్పట్లు సగంలో తెగాయా చూడండి. మూడు నాలుగు ఫ్రేములు గూగుల్ లెన్స్‌లో వేసి, వేదిక మీది బ్యానర్‌లో ఊరు, తేదీ చదివి, ఆ సభ లైవ్ వీడియో వెతకండి. ఆ మాటకు ముందొక నిమిషం, తర్వాతొక నిమిషం వినండి.

అంకెల్లో మనవాళ్లకు ఇష్టమైనది అప్పు. ‘అప్పు రెండింతలు చేశారు’ అంటే మూడు అడగండి. బడ్జెట్ అంచనానా, ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ తేల్చిన లెక్కా? ప్రభుత్వ గ్యారంటీతో కార్పొరేషన్లు తెచ్చినవి కలిపారా? రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో ఎంత శాతం? ఎదుటి పార్టీ హయాంకు గ్యారంటీలు కలిపి, తమ హయాంకు వదిలేయడం పాత ఎత్తు. 2014కు ముందు అంకెతో పోల్చితే ఇంకా జాగ్రత్త. అప్పటి అప్పు ఉమ్మడి రాష్ట్రానిది, విభజనలో ప్రధానంగా జనాభా నిష్పత్తిన ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు 58.32 : 41.68గా పంచారు. ఉమ్మడి అంకె పక్కన ఒక్క రాష్ట్రం అంకె పెడితే ఆ గ్రాఫు చెల్లదు.

‘ఇన్ని కేసులున్నాయి’ అంటే అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చిన ఫారం 26 అఫిడవిట్ తెరవండి. ఎఫ్‌ఐఆర్ వేరు, అభియోగాల నమోదు వేరు, శిక్ష వేరు.

ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి? ఎన్నికల సంఘం సీ-విజిల్ యాప్ గ్యాలరీలోని ఫైలు తీసుకోదు, అక్కడికక్కడ తీసిందే తీసుకుంటుంది. వీధిలో హోర్డింగుకు సరే, ఫార్వర్డ్ వీడియోకు పనికిరాదు. టీవీ, ఆన్‌లైన్ యాడ్‌కైతే జిల్లా ఎంసీఎంసీకి (ప్రచార యాడ్‌లను పరిశీలించి ధ్రువీకరించే కమిటీ) రాసి, ముందస్తు ధ్రువీకరణ ఉందా, నంబరెంత అని అడగండి. జెమినీ టీవీ కేసులో 2004 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో వచ్చిన పద్ధతి ఇది. పత్రికా ప్రకటనలకు మాత్రం పోలింగ్ రోజు, ముందురోజే ఇది తప్పనిసరి. డీప్‌ఫేక్ (ఏఐతో చేసిన నకిలీ వీడియో, ఆడియో) అయితే సంబంధిత పార్టీకి కూడా రాయండి. తమ దృష్టికి వచ్చిన మూడు గంటల్లో తీసేయాలని 2024 మే 6న ఎన్నికల సంఘం పార్టీలను ఆదేశించింది. వాణిజ్య ప్రకటనలు చూసే ఆస్కీకి రాసి లాభం లేదు, రాజకీయ యాడ్‌లు దాని పరిధిలో లేవు.

ఫిర్యాదు అర పేజీ మించొద్దు. ఎన్నో సెకనులో ఏమన్నారు, అసలు మాటేమిటి, ఆధారం ఎక్కడుంది, ఏ నిబంధన తప్పారు. అంతే. ‘దారుణం’, ‘కుట్ర’ లాంటి మాటలు రాస్తే అధికారి మిమ్మల్నీ ఎదుటి పార్టీ మనిషిగానే చూస్తాడు.

ఫలితాలయ్యాక మిగిలేది హైకోర్టులో ఎన్నికల పిటిషన్. గెలిచిన అభ్యర్థిని ప్రకటించిన నాటి నుంచి 45 రోజుల్లో, అభ్యర్థి గానీ ఆ నియోజకవర్గ ఓటరు గానీ వేయాలి. కానీ ప్రజాప్రాతినిధ్య చట్టం 123(4) సెక్షన్ అభ్యర్థి వ్యక్తిగత శీలం, ప్రవర్తన మీద, అతని అభ్యర్థిత్వం, పోటీ నుంచి తప్పుకోవడం మీద తెలిసి చేసిన అబద్ధాలకే వర్తిస్తుంది. ప్రభుత్వ అప్పు గురించి ఎంత వంకర లెక్క చెప్పినా అందులోకి రాదు.