ఐరోపాలో తిండి, నీళ్ల ఖర్చు తగ్గాలంటే

వీపు సంచితో ఐరోపా తిరగబోయేవాళ్లు టికెట్ల ధరలను పదిసార్లు సరిచూసుకుంటారు కానీ, రోజూ చిల్లరగా కరిగిపోయే డబ్బును పట్టించుకోరు. ముందు ఒక ఖాళీ సీసా సంచిలో వేసుకోండి. రోమ్ వీధుల్లో ‘నసోని’ అనే కుళాయిల నుంచి మంచినీళ్లు వస్తూనే ఉంటాయి. వియన్నాలో కుళాయి నీరు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తుంది, కొన్న నీళ్లకంటే రుచిగా ఉంటుంది! ఫ్రాన్స్‌లో భోజనానికి కూర్చున్నప్పుడు ‘కరాఫ్ దో’ అని అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇస్తారు. ఊరికే ‘నీళ్లు’ అంటే మాత్రం సీసా తెచ్చి బిల్లులో కలిపే అవకాశం ఉంది.

జర్మనీలో కొన్న ప్లాస్టిక్ సీసాను పారేయకండి. చాలావాటి మీద 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది, సూపర్ మార్కెట్‌లోని యంత్రంలో వేస్తే ఆ డబ్బు తిరిగి వస్తుంది. అక్కడ ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు కాబట్టి సరుకులు శనివారమే కొనుక్కోవాలి. మరిచిపోతే పెద్ద రైల్వే స్టేషన్లలోని దుకాణాలే దిక్కు.

ఇటలీలో కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగండి. కూర్చుంటే చాలాచోట్ల ధర పెరుగుతుంది.

వంటగది ఉన్న హాస్టల్ దొరికితే అన్నం, కందిపొడితో పూట గడిచిపోతుంది. నెయ్యి మాత్రం ఇక్కడినుంచి పట్టుకెళ్లకండి. బయటి దేశాల పాల పదార్థాలను, మాంసాన్ని ప్రయాణికులు తీసుకురావడానికి ఐరోపా సమాఖ్య ఒప్పుకోదు. అక్కడి వెన్నతో సర్దుకోవాలి.